రోలింగ్ టైటిల్స్‌లో లేచిన హీరో

అమీర్‌పేట్‌లో జావా కోర్సు, పంజాగుట్ట సందులో హాస్టల్. రాత్రయితే రూమ్మేట్ పాత కంప్యూటర్‌లో ‘హిట్‌మ్యాన్: బ్లడ్ మనీ’. 2006 నాటి గేమ్. అందులో ఓపికే నాకు నచ్చింది. వేషం మార్చాలి, జనంలో కలిసిపోవాలి, కావాల్సినవాణ్ని మాత్రమే వేసేసి చల్లగా జారుకోవాలి. ఎవరి కంటైనా పడ్డామా, పేపర్లో మన వార్తే! తర్వాతి లెవెల్లో ఇట్టే గుర్తుపట్టేస్తారు.

చివరి లెవెల్ ‘రెక్వియమ్’. (ఇంకా ఆడనివాళ్లు ఇక్కడే ఆగండి.) ఏజెంట్ 47 శవపేటికలో ఉన్నాడు, పేర్లు పడుతున్నాయి. అయిపోయిందనుకుని టీకి వెళ్లా. వచ్చేసరికి మెయిన్ మెనూ. హీరోని దహనం చేసేశారట!

రూమ్మేట్ పగలబడి నవ్వాడు. “ఒరేయ్, టైటిల్స్ పడుతున్నప్పుడే నడిచే బటన్లు టకటకా కొట్టాలిరా.”

కొట్టా. గుండె ఆడింది. డయానా ముద్దులోని లిప్‌స్టిక్కే విరుగుడు! లేచాక దాక్కోవడాల్లేవు, వేషాల్లేవు. రెండు చేతుల్లో రెండు పిస్టళ్లు. గార్డులు, విలేకరి, ఆఖరికి పాదరీ... ఒక్కరూ మిగలకూడదు.

మొదట మోసమనిపించింది. ఇన్నాళ్లు నేర్చుకున్న నక్కి నడవడం ఏమైనట్టు? కానీ సాక్షి ఉండకూడదన్నదే కదా మొదట్నుంచీ రూలు! దాన్నే తిరగేశారు. 2021లో వచ్చిన ‘హిట్‌మ్యాన్ 3’ చివర్లో రైలుంది. పెట్టె తర్వాత పెట్టె, ముందుకే పోవాలి. నాకంతగా ఎక్కలేదు.

ఆ రాత్రి కీబోర్డులో డబ్ల్యూ బటన్ లూజైంది. రూమ్మేట్‌కి ఇప్పటికీ చెప్పలేదు.