ఎవరి కోడ్‌కి ఎవరి పేరు? అపోహలు – వాస్తవాలు

ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్ట్ రిపోర్టు తెరవగానే మొదటి పేజీల్లో డిక్లరేషన్ కనబడుతుంది. ఈ పని మేమే చేశాం, మరే డిగ్రీ కోసమూ ఎక్కడా సమర్పించలేదు అని విద్యార్థులు రాసి ఇచ్చే మాట అది. కింద బ్యాచ్‌లో అందరి సంతకాలూ ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు ఏటా వేల సంఖ్యలో ఆ సంతకం చేస్తున్నారు. వాళ్లలో ఆ మాట చదివి, అది నిజమని తెలిసి సంతకం పెడుతున్నవాళ్లు ఎందరన్నది కాలేజీలూ తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఆలోచించాల్సిన సంగతి.

కాపీ చేసిన ప్రతివాడూ మోసం చేయాలనే చేశాడని నేననను. ఏది కాపీ, ఏది కాదు అన్నది చాలామందికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పైగా ఈ సబ్జెక్టులో మిగతావాటికి లేని చిక్కు ఒకటుంది. ఇతరులు రాసిన కోడ్ వాడుకోవడం ప్రోగ్రామర్లకు రోజూ ఉండే పనే. లైబ్రరీలు, ఓపెన్ సోర్స్ లేకపోతే ఈ రంగమే ముందుకు కదలదు. అందుకే ఇక్కడ గీత ఎక్కడుందో మరింత స్పష్టంగా తెలియాలి. ఎక్కడినుంచి తెచ్చామో చెప్పి, వాడుకోనిచ్చిన మేరకు వాడుకుంటే అది చదువులో భాగం. దాచిపెట్టి నాదేనంటే చౌర్యం. ఈ ఒక్క సంగతి పట్టుబడితే కింది అపోహలన్నీ విడిపోతాయి.

అపోహ 1: నెట్‌లో అందరికీ కనబడే కోడ్ అందరిదీ.

వాస్తవం: కనబడటం వేరు, అనుమతి ఉండటం వేరు. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచన కిందికే వస్తుంది. గిట్‌హబ్‌లో ఎవరైనా కోడ్ పెట్టి ఏ లైసెన్సూ జతచేయకపోతే, హక్కులన్నీ రాసినవాళ్ల దగ్గరే ఉన్నట్టు లెక్క. ఎంఐటీ లైసెన్సు ఉన్న కోడ్‌ని దాదాపు ఎలాగైనా వాడుకోవచ్చు గానీ అందులోని కాపీరైట్ ప్రకటనను తీసేయకూడదు. జీపీఎల్ కోడ్ కలిపిన ప్రోగ్రాంని ఇతరులకు పంచితే దాని సోర్స్ కోడ్ కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో జవాబులకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంది. రాసినవాళ్ల పేరు చెప్పడం అందులో మొదటి షరతు.

చట్టం సరేననే చోట కూడా చదువులో తప్పు ఉండొచ్చు. పాత గ్రంథాల్లో ఉన్న అల్గారిథమ్‌కి కాపీరైట్ లేకపోవచ్చు. దాన్ని నేనే కనిపెట్టానని రిపోర్టులో రాస్తే మాత్రం అది కాపీయే.

అపోహ 2: వేరియబుల్ పేర్లు మారిస్తే ఎవరూ పట్టుకోలేరు.

వాస్తవం: ఈ ఎత్తుకు విరుగుడు ముప్పై ఏళ్ల కిందటే వచ్చింది. అలెక్స్ ఐకెన్ 1994లో తయారుచేసిన ‘మాస్’ అనే సాధనాన్ని ప్రపంచవ్యాప్తంగా ప్రోగ్రామింగ్ అధ్యాపకులు వాడుతున్నారు. జర్మనీలోని కార్ల్స్‌రూయెలో పుట్టిన ‘జేప్లాగ్’ కూడా అలాంటిదే. ఇవి పేర్లను పట్టించుకోవు, నిర్మాణాన్ని చూస్తాయి.

మార్కుల సగటు కట్టే ప్రోగ్రాం తీసుకోండి. ఒకరు ‘టోటల్’ అన్నచోట ఇంకొకరు ‘సమ్’ అన్నారు, ‘ఐ’ని ‘జె’ చేశారు, మధ్యలో రెండు కామెంట్లు చేర్చారు. మనిషి కంటికి రెండూ వేరుగా కనబడొచ్చు. సాధనానికి కనబడేది ఇంతే: వేరియబుల్ పెట్టారు, విలువ ఇచ్చారు, లూప్ మొదలైంది, లోపల విలువ మారింది, లూప్ ముగిసింది. మాస్ అయితే ఖాళీలను, పేర్లను పక్కనపెట్టి, కోడ్‌ని ఒకదానిమీద ఒకటి పడే చిన్న ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కను ఒక్కో సంఖ్యగా మార్చి, వాటిలో కొన్నిటిని ఆ ప్రోగ్రాం వేలిముద్రలుగా దాచుకుంటుంది. ఆ తర్వాత క్లాసులో అందరి వేలిముద్రలనూ పోల్చి చూస్తుంది. ఫంక్షన్ల వరుస తారుమారు చేసినా ముక్కలు దొరికిపోతాయి.

అపోహ 3: సిమిలారిటీ ఎక్కువ వచ్చిందంటే కాపీ కొట్టినట్టే.

వాస్తవం: ఇదీ పొరపాటే, ఈసారి పొరపాటు అధ్యాపకుల వైపునుంచి. ఆ సాధనాలు చెప్పేది పోలికను మాత్రమే. పది లైన్ల ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం అరవైమంది రాస్తే చాలావరకు ఒకేలా ఉంటాయి. సార్ ఇచ్చిన స్టార్టర్ కోడ్ అందరి ఫైళ్లలోనూ ఉంటుంది. అనుమానం బలపడేది వేరేచోట: మూడొందల లైన్ల అసైన్‌మెంట్‌లో ఇద్దరి తర్కం మక్కీకి మక్కీ కలిసినప్పుడు, ఇద్దరికీ ఒకేచోట ఒకే వింత తప్పు వచ్చినప్పుడు. అప్పుడైనా పిల్లలను పిలిచి, వాళ్ల మాట విని, ఆ తర్వాతే నిర్ణయానికి రావాలి. శాతం చూసి శిక్ష వేయడం అన్యాయం.

అపోహ 4: పది శాతం దాకా కాపీ చేయొచ్చని యూజీసీయే చెప్పింది.

వాస్తవం: యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లో అంచెలున్న మాట నిజం. పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోగా సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు తిరిగి సమర్పించే వీలుండదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అయితే ఈ నిబంధనలు పీజీ, పరిశోధన స్థాయి థీసిస్‌లకు, ప్రచురించే పత్రాలకు పెట్టినవి. అసైన్‌మెంట్లు, ప్రాజెక్ట్ రిపోర్టులు, కోర్సు వర్క్ వీటి పరిధిలోకి రావని ఆ నిబంధనల్లోనే రాసి ఉంది. బీటెక్ ప్రాజెక్టుకు మీ యూనివర్సిటీ, మీ కాలేజీ పెట్టుకున్న నియమమే వర్తిస్తుంది.

ఆ 10 శాతం కూడా మామూలుగా కలిసే చిన్నచిన్న పోలికలను పట్టించుకోకుండా వదిలేయడానికి పెట్టిందే. ‘ఇంతవరకు దొంగిలించుకోండి’ అని ఎవరూ కోటా ఇవ్వలేదు. వంద పేజీల రిపోర్టులో అసలు అల్గారిథమ్ ఉన్న నాలుగు పేజీలే ఎత్తి రాస్తే శాతం తక్కువే వస్తుంది. కానీ ఎత్తుకొచ్చింది ఆ రిపోర్టుకు గుండెకాయలాంటి భాగాన్ని.

అపోహ 5: డబ్బిచ్చి కొన్న ప్రాజెక్ట్ మనదే.

వాస్తవం: హైదరాబాద్ అమీర్‌పేటలో ఫైనలియర్ ప్రాజెక్టులు అమ్మే సెంటర్ల బోర్డులు కనబడుతూనే ఉంటాయి. ఐట్రిపుల్‌ఈ టైటిల్, సోర్స్ కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ, వైవాకి ఎక్స్‌ప్లనేషన్, అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ. అమ్మినవాళ్లు ఇష్టంగానే అమ్మారు, కొన్నవాళ్లు డబ్బు కట్టారు, మధ్యలో నష్టపోయింది ఎవరు అని పిల్లలు అడుగుతారు.

ఇక్కడ కాపీరైట్ గొడవ లేకపోవచ్చు. కాపీరైట్ రాసినవాళ్ల హక్కుకు సంబంధించింది. అకడమిక్ నిజాయితీ చదివేవాళ్లకు మనం ఇచ్చే మాటకు సంబంధించింది. రాసినవాళ్ల అనుమతి ఉన్నంత మాత్రాన ‘నేనే చేశాను’ అన్న అబద్ధం నిజమైపోదు. డిక్లరేషన్ మీద సంతకం పెట్టినప్పుడే ఆ తప్పు పూర్తవుతుంది.

నష్టపోయేదెవరో కూడా చూడండి. అదే బెంచీలో కూర్చుని, రాత్రిళ్లు మేలుకుని, సగమే పనిచేసే ప్రాజెక్టు సొంతంగా తెచ్చిన అమ్మాయి పక్కన మెరుగులు దిద్దిన కొనుగోలు ప్రాజెక్టు నిలబడుతుంది. మార్కులు దేనికి ఎక్కువ పడతాయో చెప్పనక్కర్లేదు. ఇక కొన్నవాళ్లు ఇంటర్వ్యూలో ‘ఈ టేబుల్‌కి ఇండెక్స్ ఎందుకు పెట్టావు?’ అన్న ఒక్క ప్రశ్నకు తెల్లమొహం వేస్తారు. అమ్మానాన్నలు కష్టపడి కట్టిన ఫీజు మీద ఇంకో ఫీజు కట్టి వాళ్లు కోల్పోయింది నేర్చుకునే అవకాశాన్నే.

అపోహ 6: ఫ్రెండ్‌కి కోడ్ పంపడం సాయమే, తప్పంతా తీసుకున్నవాడిదే.

వాస్తవం: చాలా యూనివర్సిటీల్లో ఇచ్చినవాళ్లకూ తీసుకున్నవాళ్లకూ విచారణ ఉంటుంది. ఇక్కడ వాట్సాప్ గ్రూపులో ఫైలు పెట్టడం అలవాటైన మన పిల్లలు అమెరికాలో ఎంఎస్‌కి వెళ్లాక ఈ సంగతి కష్టాల్లో పడ్డాకే తెలుసుకుంటున్నారు. అక్కడ విచారణ తర్వాత సస్పెన్షన్ గానీ బహిష్కరణ గానీ పడితే పోయేది ఒక్క గ్రేడే కాదు. విదేశీ విద్యార్థుల వివరాలుండే అక్కడి ప్రభుత్వ వ్యవస్థ ‘సెవిస్’లో వాళ్ల రికార్డు ముగిసిపోయి, దేశంలో ఉండే అర్హతకే ముప్పు వస్తుంది. అప్పు చేసి వెళ్లిన ఇంటికి అదెంత దెబ్బో వేరే చెప్పాలా?

స్నేహితుడికి సాయం చేయాలంటే దారులున్నాయి. పక్కన కూర్చుని అతని ఎర్రర్ మెసేజ్ ఏం చెబుతోందో వివరించండి. కాగితం మీద లాజిక్ గీసి చూపండి. కలిసి చర్చించాక ఎవరి సీటుకు వాళ్లు వెళ్లి, ఎవరి కోడ్ వాళ్లు రాయండి. ఎవరితో చర్చించారో పైన ఒక కామెంట్ పెట్టండి. ఇలా చేస్తే స్నేహమూ నిలుస్తుంది, అతనికి పనీ వస్తుంది.

అపోహ 7: ఏఐ రాసిచ్చింది ఏ మనిషిదీ కాదు, కాబట్టి అది కాపీ కాదు.

వాస్తవం: ప్రశ్న ‘ఎవరినుంచి దొంగిలించావు?’ అన్నది ఒక్కటే అయితే ఈ వాదన కొంతవరకు నిలుస్తుంది. అసలు ప్రశ్న ‘ఎవరు చేశారని చెబుతున్నావు?’ అన్నది. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చాక కోడ్ రాయించుకోవడం నిమిషాల పనైపోయింది. ఆ కోర్సులో ఏఐ వాడొచ్చో లేదో ముందు అడగండి. వాడనిస్తే, ఏ భాగానికి వాడారో రాయండి. వద్దంటే మానేయండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఏఐ డిటెక్టర్ ఎర్ర జెండా చూపిందని విద్యార్థిని దోషిని చేయడం తప్పు. ఓపెన్‌ఏఐ తానే తయారుచేసిన డిటెక్టర్‌ని కచ్చితత్వం చాలదని 2023 జులైలో ఉపసంహరించుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ కోసం సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా వాటికి యంత్రం రాసినవేనని ముద్ర పడింది. తెలుగు మీడియంలో చదివి, పట్టుదలగా ఇంగ్లిష్ నేర్చుకుని రిపోర్టు రాసుకున్న పిల్లకు ఆ ముద్ర ఎంత అవమానమో అధ్యాపకులు తలచుకోవాలి.

అపోహ 8: ఉద్యోగంలో అందరూ చేసేది కాపీ పేస్టే కదా!

వాస్తవం: ఉద్యోగంలో వాడుకుంటారు, నిజమే. వాడుకున్నదానికి బాధ్యత కూడా వహిస్తారు. ఏ కోడ్ ఏ లైసెన్సు కింద వచ్చిందో తనిఖీ చేసే సాధనాలు కంపెనీల్లో ఉన్నాయి. ఏ లైను ఎవరు ఎప్పుడు చేర్చారో గిట్ చరిత్రలో ఉంటుంది.

అర్థం చేసుకోకుండా ఎత్తుకొస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఫైలు సైజును బైట్లనుంచి కేబీ, ఎంబీల్లోకి మార్చి చూపే చిన్న జావా ముక్కను ఆండ్రియాస్ లుండ్‌బ్లాడ్ అనే ప్రోగ్రామర్ 2010లో స్టాక్ ఓవర్‌ఫ్లోలో పెట్టారు. గిట్‌హబ్ ప్రాజెక్టుల్లోకి ఎక్కువగా కాపీ అయిన జావా జవాబు అదేనని సెబాస్టియన్ బాల్టెస్ అనే పరిశోధకుడు తర్వాత తేల్చారు. వేల ప్రాజెక్టుల్లో అది చేరింది. అందులో తప్పుందని 2019లో లుండ్‌బ్లాడే బయటపెట్టారు. 9,99,999 బైట్లు ఇస్తే ‘1.0 ఎంబీ’ రావాల్సిన చోట ‘1000.0 కేబీ’ అని వస్తుంది. రాసినవాడు తన తప్పు దిద్దుకున్నాడు. ఎక్కడినుంచి తెచ్చారో రాసిపెట్టుకున్నవాళ్లు వెళ్లి తమ కోడ్‌నీ దిద్దుకోగలరు. రాసుకోనివాళ్ల ప్రోగ్రాముల్లో ఆ తప్పు అలాగే ఉండిపోతుంది. ఆధారం చెప్పడం మర్యాద మాత్రమే కాదు, మంచి ఇంజినీరింగ్ కూడా.

అపోహ 9: తప్పంతా పిల్లలదే.

వాస్తవం: ఏళ్ల తరబడి అవే ల్యాబ్ ప్రోగ్రాములు ఇచ్చి, సీనియర్ల రికార్డు చూసి రాస్తే చూసీ చూడనట్టు సంతకం పెట్టేసి, చివరి ఏడాదిలో ఒక్కసారిగా నిజాయితీ గురించి ఉపన్యాసం ఇస్తే ఎవరి తలకెక్కుతుంది? రికార్డులో చేతిరాత చక్కగా ఉందా అని చూసే చోట ప్రోగ్రాం అర్థమైందా అని అడగాలి. ఏటా ప్రశ్నలు మార్చాలి. ఒక్కొక్కరిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వాళ్ల కోడ్‌లోనే ఒక చిన్న మార్పు అక్కడికక్కడ చేయమనాలి. సొంతంగా రాసినవాళ్లు చేసేస్తారు.

తప్పు దిద్దుకునే దారీ ఉండాలి. హార్వర్డ్‌లో సీఎస్50 కోర్సు 2014లో ఒక నియమం పెట్టింది. కాపీ చేసినవాళ్లు 72 గంటల్లోగా తామే వచ్చి ఒప్పుకుంటే, ఆ అసైన్‌మెంట్‌కి మార్కులు పోవచ్చు గానీ, అది మళ్లీమళ్లీ జరిగితే తప్ప, కేసు పై క్రమశిక్షణ సంఘానికి వెళ్లదు. గడువు ముంచుకొచ్చిన రాత్రి భయంతో చేసిన తప్పుకు జీవితకాలపు మచ్చ వద్దన్నది దాని వెనకున్న ఆలోచన. మన కాలేజీలు ఇలాంటిది పెట్టడానికి పైసా ఖర్చు కాదు.

ఇక చేయాల్సింది

మీ తర్వాతి ప్రాజెక్టులో రీడ్‌మీ ఫైలు తెరిచి నాలుగు సంగతులు రాయండి. నేను సొంతంగా రాసిన భాగాలివి. ఈ లైబ్రరీలు, ఈ ట్యుటోరియల్, ఈ జవాబు వాడాను, లింకులివి. ఏఐని ఈ పనికి వాడాను. ఫలానావారితో చర్చించాను. ఒక్కోసారి ఆ మొదటి జాబితా చిన్నదిగా ఉంటుంది. ఉండనివ్వండి. తర్వాతి సెమిస్టర్‌లో అది పెరుగుతుంది.

రేపు ఆసుపత్రిలో మందు మోతాదు లెక్కగట్టేదీ, బ్యాంకులో మన డబ్బు లెక్క చూసేదీ, రైలు సిగ్నళ్లు నడిపేదీ ఈ పిల్లలు రాసే కోడే. అది పనిచేస్తుందని వాళ్లు చెప్పినప్పుడు మనం నమ్మగలగాలి. ఆ నమ్మకం ఉద్యోగంలో చేరిన రోజున కొత్తగా పుట్టదు. మొదటి ఏడాది ల్యాబ్‌లో, సగమే పనిచేసే ప్రోగ్రాంని ‘ఇంతవరకే వచ్చింది సార్’ అని ఉన్నదున్నట్టు చూపించిన విద్యార్థి దగ్గర అది మొదలవుతుంది. ఆ విద్యార్థికి సున్నా వేయకుండా, కొన్న ప్రాజెక్టుకు పూర్తి మార్కులు ఇవ్వకుండా ఉండటం అధ్యాపకుల వంతు.