గిడసబారిన కరివేప: నేవన్ కిటికీలో ఒక రోగనిర్ణయం

ఐర్లండ్‌లోని మీత్ కౌంటీలో, బోయ్న్, బ్లాక్‌వాటర్ నదులు కలిసే చోట ఉన్న పట్టణం నేవన్. అక్కడ స్థిరపడిన తెలుగువారి వంటింటి కిటికీలో ఒక కుండీ, అందులో జానెడు కరివేప మొక్క కనిపించడం వింత కాదు. రెండేళ్ళయినా అది జానెడు దాటకపోవడం, ఆకులు పసుపు తిరగడం కూడా వింత కాదు. అది చస్తే ఇండియానుంచి మరొకటి తెచ్చుకోవడం సులభం కాదు. 2019 డిసెంబర్‌నుంచి ఐరోపా సమాఖ్యలోకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్కలను తేకూడదు. కరివేప మీద బతికే సిల్లిడ్ అనే చిన్న పురుగు, నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ వ్యాధిని మోయగలదు కాబట్టి ఈ మొక్క విషయంలో ఆ జాగ్రత్త అర్థవంతమైనదే. అందువల్ల ఉన్న మొక్కను బతికించుకోవడమే మార్గం.

ఆకు పసుపు తిరగగానే చాలామంది చేసే పని ఎరువు వేయడం. మనిషి పాలిపోయి కనిపించగానే ఇనుము మాత్రలు రాసివ్వడం ఎలాంటిదో, ఇదీ అలాంటిదే. పాలిపోవడం రోగం కాదు, లక్షణం. మొక్కల్లో దీన్ని క్లోరోసిస్ అంటారు. ఒకప్పటి వైద్యులు పడుచుపిల్లల్లో కనిపించే ఒక రకం రక్తహీనతనూ ఇదే పేరుతో పిలిచారు. ఆ పోలిక పేరుతో ఆగిపోదు. రక్తంలోని హీమ్, ఆకులోని పత్రహరితం ఒకే కుటుంబానికి చెందిన అణువులు. హీమ్ నడుమ ఇనుము ఉంటుంది, పత్రహరితం నడుమ మెగ్నీషియం. అయినా ఇనుము లేనిదే మొక్క పత్రహరితాన్ని తయారుచేసుకోలేదు. 1840లలో ఫ్రాన్స్‌లో యూజెబ్ గ్రీ పాలిపోయిన ఆకులకు ఇనుప లవణం పూసి, వాటికి పచ్చదనం తిరిగి రప్పించగలిగాడు.

రోగనిర్ణయంలో మొదటి ప్రశ్న: ఎప్పటినుంచి? నేవన్ దాదాపు 53.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ నడుమ అక్కడ పగలు ఏడున్నర గంటలు. అదే రోజు హైదరాబాదులో పదకొండు. చలికాలంలో కరివేప ఎదగదు, కొన్ని ఆకులు రాలుస్తుంది కూడా. అది నిద్రేగాని రోగం కాదు. ఆ నిద్రలో ఎరువు వేస్తే వాడుకోని లవణాలు కుండీలో పేరుకుంటాయి. రోజూ నీళ్ళు పోస్తే మట్టిలో గాలి ఆడక వేళ్ళు కుళ్ళుతాయి. కుళ్ళిన వేళ్ళు పోషకాలను పీల్చలేవు గనుక ఆకులు మరింత పసుపు తిరుగుతాయి. అది చూసి ఇంకొంచెం నీళ్ళు, ఇంకొంచెం ఎరువు. కిటికీ మొక్కలు ఎక్కువగా చచ్చేది ఈ వలయంలోనే.

రెండో ప్రశ్న: ఏ ఆకులు ముందు పాలిపోయాయి? నత్రజని, మెగ్నీషియం మొక్కలో ఒకచోటినుంచి ఇంకొకచోటికి కదలగలవు. అవి తక్కువైతే మొక్క ముదురాకులనుంచి తీసి చిగుళ్ళకు పంపుతుంది, కాబట్టి కింది ఆకులు ముందు పాలిపోతాయి. నత్రజని లోపంలో ఆకు మొత్తం ఒకే తీరుగా వెలిసిపోతుంది. మెగ్నీషియం లోపంలో ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపవుతుంది. ఇనుము అలా కదలదు. అది అందకపోతే ముదురాకులు పచ్చగానే ఉంటాయి. కొత్త చిగురు మాత్రం పచ్చని ఈనెల వలతో లేత పసుపుగా వస్తుంది. జింక్ లోపంలో కొత్త ఆకులు చిన్నవై, కణుపుల మధ్య దూరం తగ్గి మొక్క గిడసబారుతుంది. ఆకు అడుగుభాగాన్ని భూతద్దంతో చూడడమూ అవసరమే. వేడిచేసిన గదుల పొడిగాలిలో ఎర్రనల్లి పెరుగుతుంది. అది రసం పీల్చిన ఆకుల మీద సన్నని తెల్లచుక్కలు పడి, దూరంనుంచి పాలిపోయినట్టే కనిపిస్తాయి.

చిగురు పసుపు, ఈనెలు పచ్చన అయితే ఊరి భూగర్భాన్ని కూడా తలచుకోవాలి. నేవన్ సున్నపురాయి మీద ఉన్న పట్టణం. ఆ సున్నపురాయిలోనే 1977నుంచి జింక్, సీసం ఖనిజాలను తవ్వితీసిన టారా గని ఉంది. ఐరోపాలో అతి పెద్ద జింక్ గని అది. ఇలాంటి నేల మీది నీరు కఠినజలం. కెటిల్ అడుగున కట్టే తెల్లని పెచ్చు దానికి సాక్ష్యం. ఆ నీటినే ఏళ్ళ తరబడి పోస్తే కుండీ మట్టి నెమ్మదిగా క్షారగుణం పొందుతుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఫెర్రిక్ ఇనుము కరిగే గుణం సుమారు వెయ్యోవంతుకు పడిపోతుంది. జింక్ కూడా అందకుండా పోతుంది. జింక్ గని ఉన్న ఊళ్ళో జింక్ లోపంతో మొక్క గిడసబారడం ఇలా సాధ్యమే.

మట్టిలో ఇనుము ఉంది, మొక్కకు అందదు. వైద్యులకు ఇది పరిచితమైన స్థితి. దీర్ఘకాలిక వాపు జబ్బుల్లో వచ్చే రక్తహీనతలో ఒంట్లో ఇనుము నిల్వలు ఉంటాయి, కాని ఎముకమజ్జకు చేరవు. అక్కడ మాత్రలు పెంచడంకన్నా మూలవ్యాధిని చూడడం ముఖ్యం. వరి విషయంలోనూ ఇటువంటి అనుభవం ఉంది. తరాయి ప్రాంతంలో వరిని పట్టిన ఖైరా తెగులు సూక్ష్మజీవి వల్ల కాదని, జింక్ లోపం వల్లనని 1966లో పంత్‌నగర్‌లో నిరూపించినవాడు యశ్వంత్ లక్ష్మణ్ నేనే అనే మొక్కల వ్యాధుల నిపుణుడు. ఆయన తరువాత పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో చాలాకాలం పనిచేశాడు.

మన పెద్దవాళ్ళు కరివేపకు పుల్లమజ్జిగ పోయడంలో దిశ సరైనదే: పులుపు ఆమ్లగుణాన్ని ఇస్తుంది. కాని కఠినజలంలోని బైకార్బనేట్ ముందు ఆ కాస్త పులుపు నిలవదు. మూసిన గదిలో, చల్లని కుండీలో మజ్జిగ కుళ్ళి వాసన వేస్తుంది, దోమలాంటి చిన్న ఈగలు చేరతాయి. ఐర్లండ్‌లో అంతకన్నా సులువైన మందు ఆకాశంనుంచే పడుతుంది. వాననీరు పట్టి పోయడమే మొదటి చికిత్స. వసంతంలో మొక్కను కుండీలోంచి తీసి చూడాలి. తెల్లని వేళ్ళు ఆరోగ్యానికి గుర్తు. గోధుమరంగులో మెత్తబడి వాసన వేసేవాటిని కత్తిరించాలి. రోడోడెండ్రాన్ మొక్కల కోసం అమ్మే ఆమ్ల కంపోస్టును మామూలు కంపోస్టులో కొంత కలిపి, నీరు నిలవకుండా పెర్లైట్ చేర్చి నాటాలి. చౌకగా దొరికే పీహెచ్ కాగితంతో ఆరు, ఏడు అంకెల మధ్య ఉందో లేదో చూసుకోవచ్చు. అప్పటికీ చిగురు పసుపుగానే వస్తే చీలేట్ రూపంలోని ఇనుము ఇవ్వాలి. వాటిలో ఈడీటీఏ రకం క్షారమట్టిలో త్వరగా పనికిరాకుండా పోతుంది. ఈడీడీహెచ్ఏ రకం నిలుస్తుంది. పసుపు కనబడగానే ఎప్సమ్ ఉప్పు వేయడం మెగ్నీషియం లోపానికి తప్ప మరి దేనికీ మందు కాదు.

ఒకేసారి నాలుగు మందులు వేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్క మార్పు చేసి, మొక్క ఎదిగే కాలమైతే మూడు నాలుగు వారాలు ఆగాలి. పాత ఆకులు పూర్తిగా పచ్చబడకపోవచ్చు. వాటిని చూసి నిరాశపడి మందు మార్చనక్కరలేదు. చికిత్స ఫలించిందో లేదో తరువాత వేసే చిగురులో చూడాలి.