కారుకి ఆర్నెల్ల సెలవు

అక్క డెలివరీ కోసం అమ్మానాన్న జూన్ మొదట్లో డల్లాస్ వెళ్తున్నారు. మళ్లీ వచ్చేది నవంబరు చివర్లోనే. నేను హాస్టల్లో ఉంటాను. అంటే విజయవాడలో మా కారు దాదాపు ఆర్నెల్లు కదలకుండా ఉండాలి. నాన్న పీఎఫ్ డబ్బులు కొంత తీసి, మిగతాది లోన్ పెట్టి కొన్న కారు అది. ఇంకా రెండేళ్లు ఈఎంఐ కట్టాలి. "మెకానికల్ చదువుతున్నావుగా, ఏం చెయ్యాలో నువ్వే చూడు" అన్నారు. మీలో కొందరి ఇళ్లలోనైనా ఇదే పరిస్థితి ఉండి ఉంటుంది, అందుకే రాస్తున్నాను.

తిరగని కారు అరగదు కదా, దానికేం అవుతుంది అనుకుంటాం. నిజానికి తిరిగితే అరిగేవి వేరు, ఆగిపోతే పాడయ్యేవి వేరు. బ్యాటరీ, పెట్రోలు, టైర్లు, బ్రేకులు రెండో రకం. దానికి తోడు మనం వదిలి వెళ్లేది సరిగ్గా వానాకాలంలో.

ముందు చోటు

మా అపార్ట్‌మెంటులో పార్కింగ్ సెల్లారులో ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కార్లు ఎలా మునిగాయో చూశాక, వానాకాలంలో సెల్లారు వద్దనుకున్నాం. కాస్త ఎత్తు మీదున్న బాబాయి వాళ్ల ఇంటి పోర్టికోలో పెడుతున్నాం. చెట్టు కింద నీడ బాగానే ఉంటుంది గానీ, జిగురు, పిట్టల రెట్టలు పెయింటుని తినేస్తాయి. పెట్టేముందు కారుని కింద భాగంతో సహా కడిగించి, పూర్తిగా ఆరాకే కవర్ వెయ్యాలి. ఆ కవర్ గాలి ఆడే గుడ్డదై ఉండాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపలి చెమ్మ బయటికి పోదు.

"వారానికోసారి స్టార్ట్ చేస్తాలేరా"

బాబాయి ప్రేమగా అన్న మాట ఇది. "ఓ ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచి ఆపేస్తా, సరిపోతుంది." వద్దు బాబాయ్ అని చెప్పడానికి నాకు ఫస్టియర్ కెమిస్ట్రీ పనికొచ్చింది. పెట్రోలుని ఆక్టేన్ అనుకుని లెక్కేస్తే, 114 గ్రాములు మండినప్పుడు 162 గ్రాముల నీరు వస్తుంది. అంటే లీటరు పెట్రోలుకి దాదాపు లీటరు నీళ్లు! ఇంజను, సైలెన్సరు బాగా వేడెక్కితే అదంతా ఆవిరై పోతుంది. ఐదు నిమిషాల్లో అంత వేడెక్కవు. ఆ నీళ్లు సైలెన్సర్లో నిలిచి తుప్పు పట్టిస్తాయి, కొంత పిస్టన్ రింగుల సందులోంచి ఇంజనాయిల్లోకి దిగుతుంది. కాబట్టి తీస్తే ఓ అరగంట రోడ్డు మీద తిప్పాలి, లేదంటే అసలు ముట్టుకోకూడదు. మోకాళ్ల నొప్పులతో బాబాయి కారు నడపడం మానేశారు. అందుకే మాది రెండో దారి. ఆయిలు మార్చే టైము దగ్గర పడితే వచ్చాక కాకుండా వెళ్లేముందే మార్పించండి. వాడిన ఆయిల్లో చేరిన ఆమ్లాలు అన్ని నెలలు లోపలే కూర్చోవడం మంచిది కాదు.

బ్యాటరీ లెక్క

తాళం వేసినా కారు పూర్తిగా నిద్రపోదు. గడియారం, అలారం, లాకు రిసీవరు కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. అది 30 మిల్లీఆంపియర్లు అనుకుందాం. రోజుకి 0.72 ఆంపియర్ అవర్లు, నెలకి 21.6. మన చిన్న కార్లలో ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. రెండు నెలలు తిరక్కుండానే ఖాళీ! ఖాళీగా పడి ఉన్న బ్యాటరీలో పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారిపోతుంది, తర్వాత ఎంత చార్జి పెట్టినా పూర్తిగా కోలుకోదు.

అందుకే ఫుల్ చార్జి చేసి నెగెటివ్ టెర్మినల్ తీసేయాలి. నెగెటివే ఎందుకంటే, పాజిటివ్ ముందు విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. తీసేశాక కూడా బ్యాటరీ తనంతట తానే నెమ్మదిగా దిగుతుంది, మన ఎండలకి ఇంకాస్త త్వరగా. రెండు నెలలకోసారి మల్టీమీటరుతో చూసి, 12.4 వోల్టుల కిందికి వస్తే చార్జి పెట్టాలి. నిండుగా ఉంటే 12.6 దాకా చూపిస్తుంది. ఇంకో సంగతి, టెర్మినల్ తీశాక రిమోట్ పని చెయ్యదు. బానెట్ లీవరేమో కారు లోపలుంటుంది. కాబట్టి డోరు మామూలు తాళంచెవితో తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోండి.

పెట్రోలు, టైర్లు, బ్రేకులు

ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. ట్యాంకు దాదాపు నిండుగా ఉంచితే లోపల తేమగాలికి చోటు తగ్గుతుంది. మూతి దాకా మాత్రం కొట్టించకండి, ఎండకి పెట్రోలు వ్యాకోచిస్తుంది.

టైర్లలో గాలి మామూలుకన్నా 3 నుంచి 5 పీఎస్ఐ ఎక్కువ పెట్టండి. ఒకేచోట బరువు మోస్తే రబ్బరు అక్కడ చదునవుతుంది. నెలకోసారి న్యూట్రల్‌లో అడుగు ముందుకో వెనక్కో నెడితే చాలు. హ్యాండ్‌బ్రేక్ వెయ్యకండి. చెమ్మకి బ్రేకు లైనింగు డ్రమ్ముకి అతుక్కుపోవచ్చు. ఫస్ట్ గేరులో ఉంచి, చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు పెట్టండి.

ఎలకలు

కదలని బానెట్ ఎలకకి వెచ్చని ఇల్లు. కారులో ఒక్క బిస్కెట్ ముక్క కూడా మిగల్చకండి. సైలెన్సర్ మూతికి, గాలి లోపలికి వెళ్లే గొట్టానికి సన్నని ఇనప జాలీ కట్టండి. కట్టిన సంగతి కాగితం మీద రాసి స్టీరింగుకి అంటించండి, లేకపోతే వచ్చినవాళ్లు అలాగే స్టార్ట్ చేసేస్తారు. కలరా ఉండలు కారు లోపల పెట్టకండి, ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు. బూజు పట్టకుండా సీట్ల కింద గుడ్డసంచిలో కాస్త బొగ్గు చాలు.

కాగితాలు, మనుషులు

కారు కదలడం లేదని ఇన్సూరెన్స్ ఆపొద్దు. ఆగిన కారు కూడా మునగొచ్చు, దొంగలు ఎత్తుకుపోవచ్చు. గడువు ముగిశాక 90 రోజుల్లోపు రెన్యూ చెయ్యకపోతే ఇన్నాళ్లూ కూడబెట్టిన నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. మా పాలసీ ఆగస్టులో ముగుస్తుంది, నాన్న ఇప్పుడే కట్టేశారు.

ఒక తాళంచెవి, టెర్మినల్ బిగించే 10 నంబరు స్పానరు బాబాయి దగ్గర ఉంచుతున్నాం. నీళ్లు వచ్చేలా ఉంటే కారు తీసి ఫ్లైఓవరు మీద పెట్టడానికి ఎదురింటి అన్నకి చెప్పి, టెర్మినల్ బిగించడం చూపించాం. కారు ఒకవేళ మునిగితే మాత్రం ఎవరూ స్టార్ట్ చెయ్యకూడదని ఇద్దరికీ మరీమరీ చెప్పాను. సిలిండర్లోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

నవంబరులో చెయ్యాల్సింది తక్కువే. జాలీలు తియ్యాలి, వైర్లు, ఆయిలు, కారు కింద మరకలు చూడాలి, బ్యాటరీ కలపాలి, గాలి సరిచెయ్యాలి. మొదటి కిలోమీటరు మెల్లగా పోతూ నాలుగైదుసార్లు బ్రేకు నొక్కితే డిస్కుల మీది తుప్పు పోతుంది.

సెమిస్టర్ సెలవులకి హాస్టల్ షెడ్డులో బైకు వదిలి వెళ్లేవాళ్లకి కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది. సెంటర్ స్టాండు వెయ్యండి, బ్యాటరీ వైరు తియ్యండి, సీటు కింద చిప్స్ ప్యాకెట్లు ఉంటే తీసేసి వెళ్లండి.