బిలాస్‌పూరు ఇంజనులలో బ్రష్షులు లేని మోటార్లు

2022 ఆగస్టు 15వ తేదీన కోర్బా నుండి రాజ్‌నందగావ్ వరకు, 295 వాగన్లను కూర్చి మూడున్నర కిలోమీటర్ల పొడవైన ‘సూపర్ వాసుకి’ యను బొగ్గుబండిని ఆగ్నేయ మధ్య రైల్వేవారు నడిపినప్పుడు, లోకము దాని నిడివికి విస్తుపోయెను గాని, అంతటి భారము నీడ్చు మోటార్ల లోపల నేమి జరుగుచున్నదో విచారించినవా రరుదు. 2003 నుండి ఆ రైల్వేకు కేంద్రస్థానమైన బిలాస్‌పూరులో మాత్రము ఇది ఇంటి ముచ్చటయే. బెంగాల్ నాగపూర్ రైల్వే నాడు ఉత్తరాంధ్రము నుండి తరలివచ్చి అచ్చటనే స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇంజను మాటలు ఉగ్గుపాలతో నబ్బినవి.

డబ్ల్యూఏజీ-7 వంటి పూర్వపు ఇంజనుల మోటార్లలో, తిరుగుచున్న కమ్యుటేటరుపై కార్బను బ్రష్షులు ఒరసికొనుచు కరెంటును లోనికి పంపును. ఒరపిడి గలచోట అరుగుదల తప్పదు గనుక, నల్లని పొడిని తుడుచుట, అరిగిన బ్రష్షులను మార్చుట, నిప్పురవ్వలు రేగి మాడిన కమ్యుటేటరును నునుపుచేయుట షెడ్డువారికి నిత్యకృత్యము. 1996లో ఏబీబీ సంస్థ నుండి తొలుత వచ్చి, పిమ్మట చిత్తరంజన్‌లో తయారగుచున్న డబ్ల్యూఏజీ-9 ఇంజనులు ఈ బాధను తొలగించినవి. వానియందలి ఆరు మోటార్లలో నొక్కొక్కటి 850 కిలోవాట్ల శక్తి గలదై యుండియు, తిరుగు భాగమునకు బయటినుండి ఒక్క తీగయైన తగులదు.

తీగ తగులక తిరుగు టెట్లు? చుట్టునున్న స్టేటరునకు ఇన్వర్టరు మూడు ఫేజుల కరెంటు నందించుచుండగా అయస్కాంత క్షేత్రము గిరగిర తిరుగును. లోపలి రోటరు కొంచెము వెనుకబడి దానిని వెంబడించును. ఆ వెనుకబాటు హద్దుమీరినచో లాగుడు చెడును గావున, రోటరు వేగమును అనుక్షణము తెలుపు సాధన మొకటి కావలెను. ఇరుసుతో తిరుగు పంటిచక్రము, దాని యెదుట నూలుపోగంత ఎడముతో నిలిచిన సెన్సారు ఆ పని చేయును. కర్మాగారపు చిన్న మోటార్లలో ఎన్‌కోడరు చేయునదియు నిదియే. అది పంపు స్పందనలు రెండు వరుసలు. ఒకటి రెండవదానికంటె పావు స్పందన ముందుండును. ఏది ముందు వచ్చినదో చూచి దిశను, ఎంత త్వరగా వచ్చినవో చూచి వేగమును నియంత్రణ కంప్యూటరు గ్రహించును. చుట్టుకు 1000 స్పందనలిచ్చు ఎన్‌కోడరు ఈ రెండు వరుసల అంచులను లెక్కించుట వలన 4000 మెట్లుగా చదువబడి, 0.09 డిగ్రీల కదలికనైనను పట్టియిచ్చును.

చిక్కంతయు నిచ్చటనే. మోటారు వణకినను, మొరాయించినను, జనులు మొదట మోటారునే దోషిగా నిలుపుదురు. నాకు తోచినంతలో ముందుగా శంకింపవలసినది సెన్సారును, దాని తీగను. బల్లమీది చిన్న మోటారైనచో పరీక్ష సులువు: మోటారునకు పోవు కరెంటు నాపి, ఎన్‌కోడరు కరెంటును మాత్రముంచి, ఇరుసును చేతితో మెల్లగా త్రిప్పుచు తెరపై అంకెను చూడవలెను. అంకె కదలకున్న తీగయో సరఫరాయో తెగినది. ఒకే దిక్కునకు త్రిప్పుచున్నను రెండంకెల నడుమ ఊగిసలాడుచున్న, రెండు వరుసలలో నొకటి చచ్చినది. ముందునకు త్రిప్పగా తరిగినచో ఆ రెండు తీగలు తారుమారైనవి. ఇది మిక్కిలి ప్రమాదకరము. ముందునకు పోవుచున్న మోటారు వెనుకకు పోవుచున్నదని నమ్మిన కంప్యూటరు, సరిదిద్దబూని మరింత బలముగా త్రోయగా, త్రోసినకొలది తప్పు పెరిగి మోటారు పట్టుదప్పి పరుగెత్తును, లేదా రక్షణ సర్క్యూటు దానిని నిలిపివేయును.

పిమ్మట ఎన్‌కోడరును ప్రక్కనబెట్టి, భారము లేకుండ స్వల్పమైన ఫ్రీక్వెన్సీతో నడిపి చూచునది. నున్నగా తిరిగినచో మోటారు నిర్దోషి. ఇన్వర్టరు పని ప్రారంభింపగానే అంకె చెదరినచో, మోటారు కేబులుతో సెన్సారు కేబులును కలిపి కట్టిన పాపమది, లేదా షీల్డునకు ఎర్తు వదలినది. ఇంజనులలోనైతే పంటిచక్రమున ఇనుపరజను చేరుట, సెన్సారు బోల్టు వదులగుట కూడ శంకింపదగినవి.

కావున షెడ్డులలో పనినేర్చు యువకులారా, మోటారును దింపుటకు క్రేనును పిలువకముందు ఆ కనెక్టరు నొక్కసారి విప్పి, పిన్నులు వంగినవేమో, తడి చేరినదేమో చూడుడు.