పేరొకటే – పట్టికలు రెండు

మన తెలుగు లిపిలో గాని, ఉర్దూ లిపిలో గాని ఆంగ్లంలో వలె పెద్దబడి, చిన్నబడి అక్షరాల భేదం లేదు. ఉర్దూ అక్షరం పదంలో తానున్న స్థానాన్ని బట్టి ఆకృతిని మార్చుకొంటుంది. అయినను పేరు మారదు. అందుచేత 'మార్క్స్' అను పట్టిక పేరును ఆంగ్లంలో పెద్ద 'ఎమ్'తో రాసినా, చిన్న 'ఎమ్'తో రాసినా ఒకటేనని మన విద్యార్థి తలచుట సహజం. డేటాబేస్ మాత్రం అన్నివేళలా అట్లు తలచదు.

సమాచారాన్ని పట్టికల రూపంలో పొందుపరచు సిద్ధాంతాన్ని 1970లో ఎడ్గర్ కాడ్ ప్రకటించారు. ఆ పట్టికలను ప్రశ్నించుటకు ఏర్పడిన భాషయే ఎస్‌క్యూఎల్. కొటేషన్ గుర్తులు లేని పేరును పెద్దబడిలోనికి మార్చుకొనవలెనని దాని ప్రమాణం చెబుతుంది. ఒరాకిల్ ఈ నియమాన్నే పాటిస్తుంది. పోస్ట్‌గ్రెస్ ఇందుకు భిన్నంగా చిన్నబడిలోనికి మార్చుకొంటుంది. జంట కొటేషన్ గుర్తుల నడుమ ఉంచిన పేరును మాత్రం రెండూ ఉన్నది ఉన్నట్లు స్వీకరిస్తాయి.

మైఎస్‌క్యూఎల్ తీరు వేరు. అందులో పట్టిక పేరు డిస్కు మీది ఫైలు పేరుతో ముడిపడి ఉన్నది. కనుక ఇంట విండోస్ మీద చక్కగా సాగిన ప్రశ్న, లినక్స్ సర్వరు మీద 'అట్టి పట్టిక లేదు' అను జవాబును తేవచ్చును. దీనిని నియంత్రించు అమరిక ఒకటి కలదు గాని, 8.0 సంచిక నుండి దానిని తొలిసారి సర్వరును సిద్ధపరచునపుడే నిర్ణయించవలెను.

పొరపాటు సందేశం వచ్చుట నిజానికి మేలు. రాకపోవుటయే ప్రమాదం. పోస్ట్‌గ్రెస్‌లో పాత మార్కుల పట్టిక చిన్నబడిలో ఉన్నదనుకొందాం. పునర్మూల్యాంకనం తర్వాత సవరించిన మార్కులను ఒక సాధనం ద్వారా పెద్ద 'ఎమ్'తో మరొక పట్టికగా చేర్చినారు. పెద్దబడి ఉన్నందున ఆ సాధనం తానే కొటేషన్ గుర్తులు తగిలించినది. తర్వాత గుమాస్తా పెద్ద 'ఎమ్'తోనే, కాని గుర్తులు లేకుండా ప్రశ్న రాసినాడు. యంత్రం దానిని చిన్నబడిలోనికి మార్చి, పాత పట్టికనే చదివి వినిపించినది. ఏ హెచ్చరికా లేదు. ఉత్తీర్ణుడైన విద్యార్థి మాత్రం జాబితాలో తప్పినవాడుగానే మిగిలిపోయినాడు.

నివారణ కష్టం కాదు. పేర్లన్నీ చిన్నబడిలోనే ఉంచి, పదాల నడుమ అండర్‌స్కోర్ వాడవలెను. మిశ్రమ పేర్లు ఇదివరకే ఉన్నచో ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్‌లలో జంట కొటేషన్లతో పిలువవలెను. మైఎస్‌క్యూఎల్ వాడు బ్యాక్‌టిక్ గుర్తు ఈ భేదాన్ని తొలగించజాలదు; అక్షరాలు సరిగా కలియవలసినదే. సందేహం కలిగినపుడు పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లలో 'ఇన్ఫర్మేషన్ స్కీమా'ను అడిగితే అసలు పేరు తెలియును. వీలైనచో పట్టిక పేరును ఒక్కసారి మార్చివేయుట ఉత్తమం.

యంత్రానికి మన ఉద్దేశం తెలియదు, మన అక్షరమే తెలుసు. ఆ అక్షరం వెనుక ఒక విద్యార్థి సంవత్సరకాలపు శ్రమ ఉన్నదని గుర్తుంచుకొనవలసినది మనమే.