కాన్వాసు కింద సాక్ష్యం

2019 మే 14 సాయంత్రం న్యూయార్క్‌లోని సదబీస్ వేలంశాలలో ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే తైలవర్ణ చిత్రం ఒకటి పాటకు వచ్చింది. ఫ్రాన్స్‌లోని జివెర్నీ పల్లెలో, మోనే ఇంటి పక్క పొలంలో, నూర్పిడికి ముందు పేర్చి ఉంచిన గోధుమ కుప్పల మీద సాయంకాలపు వెలుగు. అదే చిత్రం. మీటరు వెడల్పు కూడా ఉండదు. అయిదున్నర కోట్ల డాలర్లు దాటుతుందని సంస్థ అంచనా. దాదాపు ఎనిమిది నిమిషాల పాట తర్వాత 9.7 కోట్ల దగ్గర సుత్తి పడింది. దాని మీద కొన్నవారు సంస్థకు చెల్లించే రుసుము కలిపితే 11.07 కోట్ల డాలర్లు, అప్పటి మారకంలో సుమారు 775 కోట్ల రూపాయలు. మారే వెలుగును అప్పటికప్పుడు రంగుల్లో పట్టే ఇంప్రెషనిస్టు శైలి చిత్రం వేలంలో పది కోట్ల డాలర్లు దాటడం అదే మొదలు. ఇదే చిత్రం 1986లో పాతిక లక్షల డాలర్ల పైచిలుకుకు అమ్ముడుపోయింది.

ఆ సొమ్ము పెట్టినవారు అది మోనే చేతి పనే అని ఎలా నమ్మారు? ఈ చిత్రం విషయంలో జవాబు తేలిక. షికాగోకు చెందిన బెర్తా పామర్ అనే సంపన్నురాలు 1890లలోనే దీన్ని కొన్నారు. మోనే చిత్రాలను అమ్మిపెట్టిన పారిస్ వర్తకుడు దురాన్-రుయెల్ దగ్గర కొన్నారు కనుక ఆ చేతి నుంచి ఈ చేతికి వచ్చిన దారి స్పష్టంగా ఉంది. 1986 దాకా అది ఆ కుటుంబం దగ్గరే ఉంది. ఇంత శుభ్రమైన చరిత్ర అన్ని చిత్రాలకూ ఉండదు. యుద్ధాల్లో కాగితాలు కాలిపోతాయి, వారసులు పంచుకుంటారు, దొంగలు ఎత్తుకుపోతారు, చిత్రాలు చేతులు మారతాయి. అలాంటి చిత్రం వేలానికి వచ్చినప్పుడు కాగితాలు చెప్పలేనిదాన్ని కాన్వాసునే అడగాలి. అడిగే పని భౌతిక, రసాయన శాస్త్రాలది.

ముందు ఆ వస్తువు ఏమిటో చూద్దాం. మోనే వాడిన కాన్వాసు అవిసె నారతో నేసిన బట్ట. రంగుపొడిని కలిపింది అవిసె గింజల నూనెలో, కొన్నిచోట్ల గసగసాల నూనెలో. బట్ట, అవిసె నూనె రెండూ ఒకే జాతి మొక్క నుంచి వచ్చాయన్నమాట. తైలవర్ణం ఎండడమంటే తడి ఆరిపోవడం కాదు. అవిసె నూనె అణువుల్లో జంట బంధాలు ఎక్కువ. గాలిలోని ఆక్సిజన్ ఆ బంధాల దగ్గర చేరి అణువుకూ అణువుకూ ముడి వేస్తుంది. ద్రవం మెల్లగా గట్టి పొర అవుతుంది. జంట బంధాలు బహు తక్కువగా ఉన్న కొబ్బరి నూనెతో బొమ్మ వేస్తే ఏళ్లు గడిచినా చేతికి అంటుతూనే ఉంటుంది. అవిసె నూనె పైపొర కొద్ది రోజుల్లో ఆరినా లోపలి చర్య ఏళ్ల తరబడి సాగుతుంది. రంగులోని సీసం నూనెలోని కొవ్వు ఆమ్లాలతో కలిసి సబ్బులాంటి పదార్థంగా మారి, సన్నని గుళికలై పైకి పొడుచుకు రావడమూ ఉంది. గోడకు వేలాడుతున్నా చిత్రంలో రసాయన చర్య ఆగదు. వేలంసంస్థలు చిత్రం స్థితి మీద ప్రత్యేకంగా నివేదిక ఇవ్వడం అందుకే.

ఇంప్రెషనిస్టుల కాలం రంగుల రసాయన శాస్త్రానికి పండుగ కాలం. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే లోహపు గొట్టానికి పేటెంట్ తీసుకున్నాడు. దానితో రంగుల్ని సంచిలో వేసుకుని పొలం గట్టుకు పోవడం వీలైంది. ప్రయోగశాలల్లో పుట్టిన కోబాల్ట్ నీలం, కాడ్మియం పసుపు, 1859లో రసాయనవేత్త గీన్యే పేటెంట్ పొందిన విరిడియన్ ఆకుపచ్చ అంగళ్లకు చేరాయి. మోనే 1905లో రాసిన ఒక ఉత్తరంలో తన రంగుల జాబితా ఇచ్చాడు: సీసపు తెలుపు, కాడ్మియం పసుపు, ఇంగిలీకం, మంజిష్ఠ ఎరుపు, కోబాల్ట్ నీలం, ఒక ఆకుపచ్చ. దాదాపు ఇంతే. అంత వెలుగు ఇన్ని తక్కువ రంగుల్లోంచి వచ్చిందని తెలిస్తే నాకు ఆ కుప్పల మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

ప్రతి రంగుకూ పుట్టిన తేదీ ఉండడం పరిశోధకుల పాలిట వరం. టైటానియం తెలుపు అంగళ్లకు వచ్చింది 1920 ప్రాంతంలో. థాలోసయనిన్ నీలం వచ్చింది 1935లో. 1890 నాటిదని చెప్పే చిత్రంలో ఇవి కనిపిస్తే అనుమానించాల్సిందే. జర్మనీలో నకిలీ చిత్రాలు గీసిన వోల్ఫ్‌గాంగ్ బెల్ట్రాకీ దొరికిపోయింది ఇలాగే. అతను కాంపెండోంక్ అనే చిత్రకారుడి పేరుతో చేసిన, 1914 నాటిదని చెప్పిన చిత్రం 2006లో కొలోన్ వేలంలో 28.8 లక్షల యూరోలు పలికింది. తర్వాత పరీక్షిస్తే టైటానియం తెలుపు బయటపడింది. అతను వాడింది జింకు తెలుపు గొట్టం. అందులో కాస్త టైటానియం కలిసి ఉన్న సంగతి గొట్టం మీద రాసి లేదు.

అయితే టైటానియం కనబడగానే నకిలీ అని తీర్పు చెప్పకూడదు. తర్వాతి కాలంలో ఎవరో మరమ్మతుదారు చిరిగినచోట పూసి ఉండవచ్చు. అందుకే అది ఎక్కడ ఉందో చూడాలి. చీకటి గదిలో అతినీలలోహిత దీపం వేస్తే పాత వార్నిష్ పచ్చగా మెరుస్తుంది, దాని పైన కొత్తగా పూసిన చోటు నల్లని మచ్చలా కనిపిస్తుంది. ఇసుక రేణువంత ముక్క తీసి నిలువుగా చూస్తే పొరల వరస తెలుస్తుంది. కొత్త రంగు వార్నిష్ మీద ఉంటే మరమ్మతు. అసలు పొర అడుగున ఉంటే కథ వేరు. ఎక్స్‌రేలో సీసం తెల్లగా పడి, చెరిపేసి మళ్లీ గీసిన బొమ్మలు బయటికొస్తాయి. బట్ట నేత లెక్కను కూడా అదే ఫిల్ములో చూడవచ్చు. పరారుణ కెమెరా పైరంగును దాటి అడుగున బొగ్గుతో గీసిన గీతలను పట్టిస్తుంది.

ఆ పరారుణ కెమెరాయే 2008లో కొలోన్‌లోని వాల్రాఫ్-రిషార్ట్స్ మ్యూజియానికి చేదు వార్త చెప్పింది. పోర్-విల్లే దగ్గర సీన్ నది గట్టును చూపే ఒక చిత్రం 1954 నుంచి వారి దగ్గర మోనేదిగా ఉంది. ఇంప్రెషనిస్టుల పనితనం మీద జరిగిన పరిశోధనలో దాన్ని చూస్తే రంగు కింద జాగ్రత్తగా గీసిన రేఖాచిత్రం కనబడింది. వెలుగు మారిపోయేలోగా నేరుగా రంగు పెట్టే మోనేకు అలాంటి అలవాటు లేదు. పైన పాతదనం తెచ్చిపెట్టేందుకు రంగులేని పదార్థం పూశారు. సంతకాన్ని ఒకసారి పెట్టి దాని మీదే మళ్లీ దిద్దారు. ఆ ఫలితాన్ని దాచకుండా లోకానికి చెప్పిన ఆ మ్యూజియం పట్ల నాకు గౌరవం.

పాత బట్ట, పాత రంగులు సంపాదించుకున్న గడుసువాడిని పట్టడానికి ఇంకో దారి ఉంది. 1950లు, 60లలో ఆకాశంలో పేల్చిన అణుబాంబుల వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ దాదాపు రెట్టింపయింది. ఆ తర్వాత పండిన అవిసె మొక్కలోనూ, దాని నారలోనూ, నూనెలోనూ ఆ అదనపు కార్బన్ ముద్ర పడింది. ఫ్రాన్స్‌లో పోలీసులు స్వాధీనం చేసుకున్న రెండు చిత్రాలను, ఒకటి ఇంప్రెషనిస్టు శైలి, మరొకటి చుక్కల శైలి, ఇలా పరీక్షించి 2022లో ఫలితాలు ప్రచురించారు. బట్ట పోగులు బాంబుల తర్వాతి కాలానివి.

శాస్త్రం నకిలీని పట్టడానికే కాదు, అసలు చిత్రం ఎంత మారిందో చెప్పడానికీ పనికొస్తుంది. మరో ఇంప్రెషనిస్టు రెన్వార్ 1883లో వేసిన మదామ్ క్లాపిసోన్ చిత్రం షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. దాని చట్రం ఊడదీసినప్పుడు, వెలుగు సోకని అంచున మెరిసే ఎరుపు కనిపించింది. మిగతాచోట అది వెలిసిపోయి నేపథ్యం చల్లని నీలిబూడిద రంగులోకి తిరిగింది. ఆ ఎరుపు రేణువు ఒకదాన్ని లేజర్ కాంతితో పరీక్షించి, అది కోచినీల్ పురుగుల నుంచి తీసిన ఎరుపు అని తేల్చారు. ఆ పద్ధతికి మూలం, చెదిరిన కాంతిలో కొంత రంగు మారుతుందని 1928లో సి.వి. రామన్ కనుగొన్న ఫలితం. విశాఖపట్నంలో బడి చదువు చదివిన మనిషి పేరు మీదున్న వెలుగు, రెన్వార్ పోగొట్టుకున్న రంగు పేరు చెప్పింది.

ఇన్ని పరికరాలున్నా శాస్త్రానికి ఒక హద్దుంది. ‘ఇది మోనేది కాదు’ అని అది గట్టిగా చెప్పగలదు. ‘ఇది మోనేదే’ అని మాత్రం చెప్పలేదు. రంగులు, బట్ట, వయసు అన్నీ సరిపోయినా, అవే రంగులను అదే అంగట్లో కొన్న చిత్రకారులు అదే కాలంలో ఎందరో ఉన్నారు. ఆ చివరి మాట చెప్పాల్సింది చిత్రకారుడి చిత్రాలన్నిటి సమగ్ర జాబితా. మోనే విషయంలో ఆ జాబితా తయారుచేసింది డానియల్ విల్డెన్‌స్టైన్. అర్జెంతెయ్ దగ్గర సీన్ నది గట్టును చూపే ఒక చిత్రాన్ని 2011లో బీబీసీ కార్యక్రమం ఒకటి పరీక్షలకు పెట్టింది. కాన్వాసు వెనక మోనే కాలపు పారిస్ రంగుల వర్తకుడు లాతూష్ ముద్ర కనిపించింది. బహువర్ణపట ఛాయాచిత్రాలూ, పాత కాగితాలూ అనుకూలంగానే ఉన్నాయి. నిపుణులు కొందరు మోనేదే అన్నారు. ఆ జాబితాను చూసుకునే విల్డెన్‌స్టైన్ సంస్థ మాత్రం ఆ చిత్రాన్ని జాబితాలో చేర్చడానికి నిరాకరించింది. ఆ జాబితాలో చోటు దొరకని చిత్రాన్ని పెద్ద వేలంసంస్థలు మోనే పేరుతో పాటకు పెట్టవు.