వార్తల్లో పదం: టార్షనల్ వైబ్రేషన్

విద్యుత్ గ్రిడ్ వార్తల్లో వినిపించే టార్షనల్ వైబ్రేషన్ అంటే, తిరుగుతున్న షాఫ్టు మెలిపడుతూ, విడివడుతూ ఉండే కంపనం. పొడవునా సాగి ముడుచుకునే కంపనం వేరు. షాఫ్టు పక్కలకు వంగి ఊగితే బేరింగులు అదిరి తెలిసిపోతుంది. మెలి మాత్రం వాటికి దాదాపు అందదు, అసలు చిక్కు అదే. అమెరికాలోని నెవాడాలో మొహావే థర్మల్ కేంద్రం షాఫ్టు 1970లో ఒకసారి, 1971లో మరోసారి దెబ్బతిన్నది ఇలాగే. దూరపు లైన్లకు వరుసలో కలిపిన కెపాసిటర్ల వల్ల పుట్టిన విద్యుత్ డోలనం, షాఫ్టు సహజంగా మెలితిరిగే పౌనఃపున్యంతో జతకలిసింది. షాఫ్టును లావు చేస్తే పోదా అని అడగొచ్చు. అప్పుడు ఆ సహజ పౌనఃపున్యం పక్కకు జరుగుతుందే తప్ప మాయం కాదు. రేపు లైన్ల అమరిక మారితే కొత్తదీ చిక్కుకోవచ్చు. మన దేశంలోనూ 400 కేవీ లైన్లకు ఇలాంటి కెపాసిటర్లు ఉన్నాయి. ఎక్కువ కరెంటు మోయించడానికి అవి పనికొస్తాయి. కాకపోతే వాటిని ఎంచేటప్పుడు దగ్గరి టర్బైన్ల షాఫ్టులూ లెక్కలోకి రావాలి.